లుసాకా సంతలో చెనిక్కాయలు

మాది బాగేపల్లి దగ్గర గూళూరు. రెండేళ్ల కిందట జాంబియాలో ఒక సర్వే కంపెనీలో పనికి చేరాను. లుసాకాలో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కరూ నాకు తెలియదు. చింతామణి నుంచి మా అక్క మాత్రం రోజూ ఫోన్ చేసేది. టీవీలో ఉక్రెయిన్ యుద్ధం చూసి, "ఆడ బాంబులు పడతాండాయంట గదప్పా, బాగుండావా?" అనేది. "అది ఈడ కాదక్కా, శానా దూరం" అని విసుక్కునేవాణ్ణి.

ఒకరోజు ఆ యుద్ధం గురించి లుసాకా జనం ఏమనుకుంటున్నారో కనుక్కునే పని నా మీద పడింది. సంతలో చెనిక్కాయలు అమ్ముకునే ఒక పెద్దావిడను అడిగాను. పరదేశిని కదా, యుద్ధం మా దేశంలోనే అనుకుందామె. "మీవాళ్లంతా క్షేమమేనా నాయనా?" అంటూ వచ్చీరాని ఇంగ్లీషులో అడిగి, నా చెయ్యి పట్టుకుంది. చుట్టుపక్కల వాళ్లను కేకేసి చెప్పింది. అందరూ బేరాలు ఆపి నా చుట్టూ చేరారు.

ఆ దేశం వచ్చాక నన్నొక మనిషి ముట్టుకోవడం అదే మొదలు. నడి సంతలో, మెడలో కంపెనీ కార్డుతో, వెక్కి వెక్కి ఏడ్చాను.

కాస్త తేరుకుని, "యుద్ధం మా దేశంలో కాదమ్మా" అన్నాను.

"మరెందుకు ఏడుస్తున్నావు?" అందామె.

నేను కళ్లు తుడుచుకున్నాను. ఆమె దోసెడు కాయలు నా సంచిలో పోసింది. అచ్చం మా చేలో కాయల్లాగే మట్టి వాసన వేశాయి.

ఆ సాయంత్రం గదిలో కాయలు ఒలుచుకుంటుంటే అక్క ఫోన్ చేసి మళ్లీ అదే అడిగింది.

"బాగుండానక్కా" అన్నాను. "ఇంగేమన్నా అడుగు."