చార్మినార్‌ను బయటికి నెట్టనివ్వని ఎస్తేరక్క

నిన్న పొద్దున బస్సులో ఉండగా బాలస్వామి బావ ఫోన్ చేశాడు.

"అక్క లేదు తల్లీ" అన్నాడు.

దోర్నాల రాకముందే దిగిపోయి, ఎదురొచ్చిన బస్సెక్కి మార్కాపురం వెనక్కి వచ్చాను. దారంతా నమ్మలేదు. మొన్న సాయంత్రమే కదా మాట్లాడింది! "శనివారం పిల్లోళ్లను త్రిపురాంతకం తీసకపోదాం, నువ్వూ రా" అని.

హార్ట్ ఎటాక్. నిద్రలోనే.

ఎస్తేరక్క తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. మేమిద్దరం మార్కాపురంలో ఒకే ప్రైవేట్ స్కూల్లో పనిచేశాం. తను సోషల్, నేను తెలుగు. బావది అచ్చంపేట. బీఎడ్ చదివేటప్పుడు అక్కా ఆయనా ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. అప్పుడు అచ్చంపేట అంటే నల్లమలకి అవతలి ఊరు, అంతే. తర్వాత అది పక్క రాష్ట్రం అయింది.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో క్లాసులో ఒక పాప లేచి, "మేడం, గోల్కొండ, చార్మినార్, వేయి స్తంభాల గుడి అన్నీ అటే పోయినాయంట. మనకేం మిగల్లేదంట గదా" అంది.

అక్కకి కోపం వచ్చింది. పాప మీద కాదు, ఆ మాట నేర్పిన పెద్దవాళ్ల మీద.

ఆ సంవత్సరం ఎగ్జిబిషన్‌కి రెండు బల్లలు వేయించింది. ఒకదాని మీద తెలంగాణ, ఒకదాని మీద ఆంధ్ర. గోల్కొండకి ఎదురుగా కొండవీడు కోట. వేయి స్తంభాల గుడికి ఎదురుగా లేపాక్షి. కాకతీయుల రామప్ప చెరువుకి ఎదురుగా విజయనగరం రాజుల కాలపు మన కంభం చెరువు. రెండు బల్లల మధ్య నీలం గుడ్డ పరిచి కృష్ణానది అంది.

చార్మినార్‌ని మాత్రం పిల్లలు పలకల ఫ్యాక్టరీ బయట పారేసిన రాతి ముక్కలతో కట్టారు. నల్లగా, కొంచెం వంకరగా, ఎంత బాగుందో.

ముందురోజు కరస్పాండెంట్ సార్ చూడ్డానికి వచ్చాడు.

"ఏందమ్మా ఇది? మనల్ని వెళ్లగొట్టినోళ్ల బొమ్మలు మన స్కూల్లోనా? పేరెంట్స్ గొడవ చేస్తాండారు. ఆ బల్ల తీసేయ్."

"చార్మినార్ ఏమన్నా ఓటేసిందా సార్ విడిపోదామని?" అంది అక్క.

నాకు నవ్వొచ్చింది, భయం కూడా వేసింది.

సార్ మొహం ఎర్రబడింది. "నీ మొగుడు అక్కడోడు, అందుకే నీకు ఆ ప్రేమ" అన్నాడు. అందరి ముందూ.

అక్క గొంతు పెంచలేదు.

"అవును సార్, అక్కడోడే. మా తాత మద్రాసు రాష్ట్రంలో పుట్టినాడు, మా నాయన కర్నూలు జిల్లాలో పుట్టినాడు, నేను ప్రకాశం జిల్లాలో పుట్టినా. ముగ్గురం పుట్టింది ఒక్క ఇంట్లోనే. గీతలు మీరు ఎన్నయినా గీసుకోండి. త్రిపురాంతకం గుళ్లో ఓరుగల్లు రాజుల శాసనాలు ఉండాయి. అవి కూడా పీకేపిస్తారా?"

సోమవారం నుంచి రావద్దన్నారు.

అక్క ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆటో పిలిచింది. రెండు రాష్ట్రాలనూ అందులోకి ఎక్కించి, చార్మినార్‌ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో మళ్లీ రెండు బల్లలు, అవే బొమ్మలు. పాస్టర్‌గారు టెంట్ కూడా వేయించారు. పిల్లలు వచ్చారు, వెనకే వాళ్ల అమ్మానాన్నలూ వచ్చారు. స్కూల్లో గొడవ చేసిన పేరెంట్స్‌లో ఒకాయన కూడా వచ్చాడు, కూతుర్ని ఇంటికి లాక్కుపోదామని. ఆ పాప చెయ్యి విడిపించుకుని, "ఆగు నాయనా, చార్మినార్ కట్టింది నేనే" అని కథంతా చెప్పడం మొదలుపెట్టింది. అక్క ఆయనకు కుర్చీ వేసింది. ఆయన చివరిదాకా విన్నాడు.

తర్వాత స్కూలువాళ్లు కబురు పంపారు, సారీ చెబితే మళ్లీ తీసుకుంటామని. "తప్పు చేసి ఉంటే చెప్పేదాన్ని" అంది. మళ్లీ ఆ గేటు తొక్కలేదు. ఇంటి వసారాలో ట్యూషన్ పెట్టుకుంది.

అక్క ఒకవైపే ఫైట్ చేసిందని ఎవరూ అనుకోవద్దు.

ఒకసారి అక్కా నేనూ ట్యూషన్ పిల్లలను గోల్కొండ తీసుకెళ్లాం. మెట్ల దగ్గర ఒకాయన మా యాస విని, "ఆంధ్రోళ్లకు ఇంకా ఇక్కడేం పని?" అన్నాడు. పిల్లలు బిక్కచచ్చిపోయారు.

అక్క తిరిగి చూసింది. "అన్నా, నువ్వు చిన్నప్పుడు అఆలు దిద్దిన పలక ఏ ఊరిదో తెల్సా? మాది మార్కాపురం. ఆ రాయి మా ఊరిదే. మేమేమన్నా వెనక్కియ్యమని అడిగినామా?"

ఆయన నవ్వేశాడు. పైదాకా మాతోనే వచ్చి, కింద చప్పట్లు కొడితే పైకి ఎట్లా వినిపిస్తుందో పిల్లలకు దగ్గరుండి చూపించాడు.

ఈరోజు పొద్దున సమాధుల తోటలో ఎవరో అంటున్నారు, "మంచి ఉద్యోగం మొండితనంతో పోగొట్టుకుంది పాపం" అని.

పాపం అనకండి. దయచేసి ఆమెను పాపం అనకండి.

అచ్చంపేట నుంచి రెండు జీపుల్లో బావ తరఫు వాళ్లు వచ్చారు. గిద్దలూరు నుంచి, పొదిలి నుంచి ఆమె దగ్గర చదివిన పిల్లలు వచ్చారు. మట్టి అందరూ కలిసి వేశారు. అక్కడ ఎవరిది ఏ రాష్ట్రమో చెప్పమంటే మీరు చెప్పలేరు.

శనివారం త్రిపురాంతకం ట్రిప్ ఆగదు. పిల్లలను నేను తీసుకెళ్తాను. వద్దనేవాళ్లు ఇప్పుడే కామెంట్‌లో చెప్పండి, జవాబు ఇస్తాను.

వెళ్లిరా అక్కా. నువ్వు ఎక్కడిదానివని ఎవరూ అడగని చోట నీకు నెమ్మది దొరకాలి.