జవాబు రాని అరవై నలుగురు

మా డాక్టరుగారిని విద్యార్థులు చాటుగా దారం మేష్టారు అనేవాళ్లు. ఆయన కోటు గుండీకి ఎప్పుడూ కుట్టుదారం వేలాడుతుండేది. మాట్లాడుతూనే దానికి ముడులు వేస్తుండేవారు. ఆయనది రక్తనాళాల సర్జరీ. కాల్లో నాళం పూడుకుపోయి వేళ్లు నల్లబడినవాళ్లకి, వాళ్ల తొడలోంచే సిర ఒకటి తీసి, పూడిన చోటు దాటించి కుట్టేవారు. కాలు తీసేయాల్సిందేనని వచ్చినవాళ్లు నడిచి వెళ్లేవారు. నేను ఆ విభాగంలో రికార్డుల గుమస్తాని. ఇరవై రెండేళ్లు ఆయన రాతకోతలన్నీ నా బల్ల మీదుగానే నడిచాయి.

ఆయన వ్యాసాలు ముప్పై దాకా అచ్చయ్యాయి గానీ పేరు తెచ్చింది ఒక్కటే. తన పద్ధతిలో ఆపరేషన్ చేయించుకున్న రెండు వందల పన్నెండు మందిలో, ఐదేళ్ల తర్వాత కూడా పదిమందికి తొమ్మిదిమంది కాలు నిలిచిందని దాని సారాంశం. కాలు ఎలా ఉందో చెప్పమని ఏటా ప్రతి రోగికీ మేం కార్డు రాసేవాళ్లం. అరవై నలుగురు జవాబివ్వలేదు, రాలేదు. వాళ్ల సంగతి ఏం రాయమంటారని అడిగాను.

"కాలు పాడైతే మన దగ్గరికి పరిగెత్తుకు రారా? రాలేదంటే బాగున్నట్టే. నిలిచిందని రాసేయమ్మా" అన్నారు.

రాసేశాను. ఆ విషయం ఆయన దాచలేదు, పట్టిక కింద చిన్న అక్షరాల్లో చెప్పారు. పత్రికవాళ్లు చూసీ చూడనట్టు వదిలేశారు. తర్వాత తొమ్మిది వందల వ్యాసాల్లో ఆ లెక్కని ఉదహరించారు. సభలకి పిలుపుల మీద పిలుపులు. "మా ఆయన్ని చూడాలంటే నేనూ టిక్కెట్టు కొనుక్కోవాలేమో" అని ఆయన భార్య వేళాకోళం చేసేది.

ఒకరోజు ఒకావిడ భర్త పాత కాగితాలు కావాలని వచ్చింది. వికలాంగుల సర్టిఫికెట్ కోసమట. ఆపరేషనైన రెండో ఏడే ఇంకో ఆసుపత్రిలో మోకాలి పైదాకా కాలు తీసేశారట. నాకు ఒళ్లు మండింది. ఏటా కార్డు వేస్తుంటే ఆ ముక్క మాకెందుకు చెప్పలేదని గదమాయించాను.

"డాక్టరుగారు తొమ్మిది గంటలు నిలబడి కుట్టారండీ. అది పాడైందని ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?" అందామె.

ఆయనకి చెప్పాను. మర్నాడే సెలవు పెట్టారు. నాలుగు నెలలు, నేనూ ఆయనా జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. అరవై మూడు గుమ్మాలు తొక్కితే ముప్పై ఎనిమిది కాళ్లు లేవని తేలింది. ప్రతివాళ్లూ తప్పు తమ నెత్తినే వేసుకున్నారు. సిగరెట్ మానలేదని ఒకరు, మందులు సరిగ్గా మింగలేదని ఒకరు. బస్సులో ఆయన, "ఒక్కరైనా తిడితే బాగుండునమ్మా" అన్నారు. ఆ అంకెలు రాసిన చెయ్యి నాదే కదా.

సవరణ వేసి ఊరుకోమని విభాగాధిపతి నచ్చజెప్పారు. ఆయన వినలేదు, వ్యాసాన్నే వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాశారు. అది అచ్చయ్యాక పిలుపులు ఆగిపోయాయి. ఆ వ్యాసం మాత్రం ఆగలేదు. ఉత్తరం చదవని పెద్దలు ఇప్పటికీ దాన్ని చూపించే ఆపరేషన్లు చేస్తున్నారు.

ఆ ఉత్తరం పంపడానికి ముందురోజు అరవై నాలుగో ఇల్లు దొరికింది. అతనొక దర్జీ, ఆ పద్ధతిలో ఆయన కుట్టిన మొట్టమొదటి రోగి. వ్యాసంలో బొమ్మ అతని కాలిదే. మెట్లెక్కుతూ, "ఇతను బాగుంటాడు, చూస్తుండు" అన్నారు డాక్టరుగారు, చంటిపిల్లాడిలా.

గదిలో కుట్టుమిషను గోడకి జరిపి ఉంది. దర్జీ మంచం మీద నడుం దాకా దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూడగానే మొహం విప్పారింది.

"కాలు భేషుగ్గా ఉంది డాక్టరుగారూ. అంతా మీ చలవే" అన్నాడు.

అతని భార్య గోడవైపు తిరిగి నిలబడింది. డాక్టరుగారు మంచం అంచున కూర్చుని, అలవాటు కొద్దీ నాడి కోసం పాదం ఉండాల్సిన చోట దుప్పటి మీద చెయ్యి వేశారు. చెయ్యి పరుపుకి తగిలింది. దర్జీ కళ్లు మూసుకున్నాడు.

ఆయన దుప్పటి తియ్యలేదు. "చాలా సంతోషం నాయనా. ఇలాగే జాగ్రత్తగా చూసుకో" అని అతని భుజం తట్టి లేచారు.

మెట్లు సగం దిగాక ఆగి, నా వైపు చూడకుండా, "రాయమ్మా, లేదని" అన్నారు.