నూట పది వోల్టుల కానుక

మావయ్య పోయారని శుక్రవారం మధ్యాహ్నం గుడివాడలో మా బడికి కబురు వచ్చింది. ఉన్నపళంగా స్టేషనుకు నడిచాను. బందరు రైలెక్కాక చూసుకుంటే సుద్దముక్క ఇంకా చేతిలోనే ఉంది.

మీకు ఆయన తెలియరు. పేపర్లో పడేంత మనిషి కారు. నాకు చుట్టమూ కారు, ఈడేపల్లిలో మా పక్కింటాయన. బందరుకు కరెంటు వచ్చిన కొత్తలో వైరింగు పని నేర్చుకున్న కొద్దిమందిలో ఒకరు. ఎవరింట్లో ఏ ఎలక్ట్రిక్ వస్తువు కనబడినా తిరగేసి, దాని ఇత్తడి రేకు మీద వోల్టుల అంకె చదవందే ఊరుకునేవారు కారు. ఒకసారి పెళ్లివారింట్లో ఫ్యాను తిరగేస్తే అత్తయ్యకు తల కొట్టేసినట్టయింది.

టీచరు ట్రైనింగు కోసం నేను లండను వెళ్లేటప్పుడు మా నాన్న బైబిలూ, అమ్మ గోంగూర పచ్చడీ సర్దారు. ఈయన నా ఇస్త్రీపెట్టె ముందేసుకుని కూర్చున్నారు.

"అక్కడ వీధికో రకం కరెంటంటమ్మా. ప్లగ్గులూ అంతే, ఒకచోట సన్న పిన్నులు, ఒకచోట లావు పిన్నులు. మార్చుకునే ముక్క బజార్లో దొరుకుద్ది. కానీ ప్లగ్గు దూరిందని కరెంటు సరిపోయినట్టు కాదు. వోల్టులెన్నో ముందు అడుగు."

"అడక్కపోతే ఏమవుద్ది మావయ్యా?"

"తక్కువైతే వేడెక్కదు. ఎక్కువైతే మాడిపోద్ది. బట్టలతోపాటు నువ్వూను!"

లండనులో దిగగానే అడిగాను. ఆ ప్రశ్న తనను ఇంతవరకూ ఎవరూ అడగలేదంది నేను అద్దెకు దిగిన ఇంటి యజమానురాలు. కనుక్కుని చెప్పింది, నూట పది అని. మన ఊరి కరెంటులో సగం. నా ఇస్త్రీపెట్టె అక్కడ గోరువెచ్చన దాటలేదు. అయినా మాడలేదుగా అని ఆ అంకెను ఏడాదంతా జపంలా పట్టుకున్నాను.

తిరిగి వచ్చేముందు ఆయన కోసం వైర్లకు టంకం పెట్టే ఎలక్ట్రిక్ కడ్డీ కొన్నాను. ఎన్ని వోల్టులదని కొట్టువాడు అడిగాడు. పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టు నూట పది అనేశాను. బందరు గుర్తే రాలేదు.

ఆయన దాన్ని తిరగేసి, రేకు చూసి, ఒక్క క్షణం ఆగారు. "బంగారంలాంటి వస్తువమ్మా" అన్నారు. ఆ తర్వాత పోయేదాకా పదేళ్లూ దానితోనే పనిచేశారు. నేను వెళ్లినప్పుడల్లా ఆయన బల్ల మీద రెండు పెద్ద బల్బులు పట్టపగలే వెలుగుతుండేవి. "కరెంటు ఊరికే వస్తోందా మావయ్యా?" అని ఎగతాళి చేసేదాన్ని. "చూపు తగ్గిందే అమ్మాయ్" అనేవారు.

ఆ శుక్రవారం సాయంత్రం అత్తయ్య నా పక్కన కూర్చుని అసలు సంగతి చెప్పింది.

"చూపు కోసం కాదే అవి. నువ్వు తెచ్చింది సగం కరెంటుదంట. తిన్నగా పెడితే మాడిపోద్దని, మిగతా సగం ఆ బల్బులు తినేట్టు కట్టుకున్నారు. అమ్మాయికి చెప్పి వేరేది తెప్పించుకోండీ అంటే విన్నారా? 'సముద్రం దాటించి నాకోసం మోసుకొచ్చింది, తప్పుది తెచ్చావని దాని మొహమ్మీద ఎట్లా చెప్పనే' అన్నారు."

ఇక ఏడుపు ఆగలేదు. ఎండాకాలంలోనూ ఆ బల్బుల వేడికి చెమటలు కక్కుతూ పనిచేసేవారట. పిల్లలు పాఠం తప్పు చెబితే నేను బెత్తం తీస్తాను. ఆయన నేర్పిన ఒక్క పాఠాన్నీ నేను మరిచిపోతే ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. క్షమించు మావయ్యా అని చెప్పుకునే అదృష్టమైనా నాకు దక్కలేదు.

అత్తయ్య ఆ కడ్డీ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆయన బొటనవేలు ఆనినచోట కర్రపిడి అరిగి గుంట పడింది. అందులో నా వేలు పెట్టి చూశాను. వదులుగా ఉంది.