గ్లాసులక్క ఇచ్చిన ఎర్రచుక్క పాత్ర

గ్లాసులక్క చేతిలో పడ్డ గాజుపాత్ర తళతళలాడాల్సిందే. పన్నెండేళ్లుగా ఆ ల్యాబ్‌లో ఆమె పని అదే. కడిగాక నీళ్లు పోసి వెలుతురుకి ఎత్తి చూస్తుంది. నీళ్లు పొరలా జారిపోతే సరే. ఒక్క బొట్టు నిలిచిందా, మళ్లీ మొదటికే.

అక్కడ నీళ్లలోకి కరెంటు పంపి హైడ్రోజన్ తీస్తారు. ప్లాటినం పెడితే గ్యాసు బుడబుడా వస్తుంది కానీ దాని ధర ఆకాశంలో ఉంటుంది. అందుకే పరిశోధన చేసే అమ్మాయి రాగి పరమాణువుల్ని ఇరవయ్యో ముప్పయ్యో చొప్పున చిన్న గుంపులుగా కట్టి, ఆ పని వాటితో చేయించాలని మూడేళ్లుగా కుస్తీ పడుతోంది.

ఆ రోజు అమ్మాయి గంతులేసింది.

"అక్కా! నా రాగి ప్లాటినాన్ని కొట్టేసింది! చూడు, ఎలా పొంగుతోందో!"

అక్క చూసింది. పాత్ర అడుగున ఎర్రచుక్క. ఎర్రచుక్కవి ప్లాటినం వాడే పాత్రలు. ఘాటు యాసిడ్‌లో రోజంతా నానాకే వాటిని వేరే పనికివ్వాలి. నిన్న అమ్మాయి తొందరపెడితే, చుక్క చూసుకోకుండా మామూలుగా కడిగి ఇచ్చేసింది. కంటికి కనపడని ప్లాటినం గాజుకి అంటుకునే ఉంటుంది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే పన్నెండేళ్ల పేరు మంటగలిసిపోతుంది.

"ఒసేయ్ పిల్లా, గంతులాపు. ఆ పొంగు నీ రాగిది కాకపోవచ్చు. ఎర్రచుక్కది ఇచ్చాను నీకు. యాసిడ్‌లో పెట్టలేదు. తప్పు నాదే."

అమ్మాయి ముఖం మాడిపోయింది. "ఎంత పని చేశావక్కా! సార్‌కి కూడా చెప్పేశాను!"

"పద, నేనే చెబుతా. తిట్లూ నేనే తింటా."

పెద్దసారు తిట్టలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇది బయటివాళ్లు పట్టుకునుంటే మన పరువేంగాను! మళ్లీ చెయ్యండి," అన్నాడు.

అక్క ఎర్రచుక్క లేని వేరే పాత్ర తీసి కడిగింది. కడిగిందే కడిగింది.

"చాల్లే అక్కా, గాజు అరిగిపోతుంది," అంటూ అమ్మాయి ఏడుపు మొహంతోనే నవ్వింది.

ఈసారి బుడగలు పొంగలేదు. సన్నగా, పూసలు గుచ్చినట్టు వచ్చాయి. మొదటిదాంట్లో సగమే. కానీ మూడు రోజులైనా ఆగలేదు. ఇంకో రెండుసార్లు చేసి చూసినా అంతే వచ్చాయి.

"సగమైనా రాగిదే అక్కా!" అంటూ అమ్మాయి వాటేసుకుంది.

ఆ సాయంత్రం బస్సు నడిపే భర్త ఇంటికి రాగానే అక్క గుమ్మంలోనే మొదలుపెట్టింది. "ఏమయ్యోయ్, మా పిల్ల లెక్కని సగానికి పడగొట్టాను!"

"దానికింత మురిసిపోవాలా?"

"మరి? ఆ సగం ఎవరు కడిగినా పోదయ్యా!"