గొంతు పోయాక మా అయ్యగారు

మా పాస్టరు అయ్యగారు పోయారని కబురు వచ్చేసరికి నేను కూర్మన్నపాలెం జంక్షన్‌లో వంకాయలు బేరమాడుతున్నాను. సంచీ అక్కడే వదిలేసి ఆటో ఎక్కేశాను. మీలో చాలామందికి ఆయన తెలియదు. తెలిసి ఉంటే బాగుండేదని ఈ నాలుగు ముక్కలు.

గొంతులో గడ్డ అని తేలినప్పుడు ఆయన మాకెవరికీ చెప్పలేదు. ఆసుపత్రిలో గడ్డకి కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకుని, సిటీ బస్సులో తిరిగొచ్చి, ఇంటికైనా పోకుండా మంచాన పడ్డవాళ్ళ దగ్గరికి ప్రార్థనకు వెళ్ళేవారు. మెడ కమిలిపోయి ఉండేది. కాలర్ గుండీ పెట్టి కప్పేసేవారు. నేను ఊరుకునే మనిషిని కాను, ఒకరోజు నిలదీశాను.

"ఏటండి అయ్యగారూ, మేమేటి పరాయోళ్ళమా? నొప్పని ఒక్క ముక్క సెప్తే ఏటి పోతాది?"

బొంగురు గొంతుతో నవ్వారు. "నొప్పి నేదని కాదమ్మా. నా నొప్పి తెచ్చి నీ నెత్తిన పెట్టేత్తే, నీ నొప్పి ఎవులికి సెప్పుకుంటావు?"

తర్వాత ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది గాని మాట పోయింది. సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘపెద్ద, స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి, అయ్యగారి ఎదుటే అనేశాడు.

"మాట నేని పాస్టరు గారితో సంఘం ఎలాగ నడుత్తాది? ఇంకొకరిని సూసుకుందాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేనైతే ఇంటింటికీ తిరిగి అందరినీ కడిగేసేదాన్ని. అయ్యగారు మాత్రం సరేనని తలూపి, కుర్చీలు గోడవార సర్దడం మొదలుపెట్టారు. ఆ వారం నుంచి గోపాలపట్నం పాస్టరు గారు వచ్చి ప్రసంగం చెప్పేవారు. మా అయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళ చేతులు పట్టుకుని పలకరించేవారు. క్రిస్మస్ అయ్యాక ఆయన్ని పూర్తిగా మాన్పించెయ్యాలని పెద్దలు అనుకున్నారు. ఆ సంగతి తెలిసీ ఆయన మొహం మాడ్చుకోలేదు.

ఈలోగా ఆ సంఘపెద్ద భార్య హఠాత్తుగా పోయింది. మా క్రైస్తవ కుటుంబాల్లో సమాధి కార్యక్రమం అయ్యాక ఇంట్లో ఆదరణ కూటం పెడతారు. వాక్యం చెప్పి ఇంటివాళ్ళను ఓదార్చాలి. గోపాలపట్నం పాస్టరు గారు మైకులో బాగానే చెప్పారు, తప్పు పట్టను. పెద్దాయన మాత్రం బిగుసుకుపోయి కూర్చున్నాడు. కంట తడి లేదు.

అప్పుడు మా అయ్యగారు కుర్చీలోంచి లేచి వెళ్ళి, చాప మీద పెద్దాయన పక్కన కూర్చున్నారు. చెయ్యి పట్టుకున్నారు. అంతే. కాసేపటికి ఆ మనిషి ఆయన భుజం మీద తల పెట్టి భోరుమన్నాడు.

"నన్నొదిలి ఎల్లకండి అయ్యగారూ," అన్నాడు. "సంఘానికీ మీరే ఉండాల."

అలాంటి మనిషిని మాకిచ్చినందుకు దేవుడికి వందనాలు. ఆ మధ్యాహ్నం అందరూ లేచాక నేను టీ తెచ్చాను. పెద్దాయన ఆయన కుడిచెయ్యి విడవలేదు. అయ్యగారు ఎడమచేత్తో గ్లాసు అందుకుని, తెల్ల చొక్కా మీద ఒలకబోసుకుంటూ తాగారు.