సెలవు పడని ఒళ్లు

మా ఆయన వెల్డరు. జింకు పూత ఉన్న పైపులు అతికి గేట్లు, మెట్ల రెయిలింగులు చేస్తాడు. పనికి వంక పెట్టలేం గానీ, వాదనకు దిగితే మాత్రం ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ప్రతి సోమవారం సాయంత్రం ఆయనకు చలిజ్వరం వచ్చేది. నోట్లో నాణెం చప్పరిస్తున్నట్టు ఉందంటూ దుప్పటి కింద వణికేవాడు. మంగళవారం పొద్దున్నే లేచి, ఏమీ ఎరగనట్టు షెడ్డుకు పోయేవాడు. వారం చివరిదాకా మళ్లీ జ్వరం ఊసే ఉండదు. దాన్నిబట్టి ఈ మహానుభావుడు తేల్చిందేమిటయ్యా అంటే, ఆదివారం ఇంట్లో కూర్చోవడమే ఆయన ఒంటికి పడట్లేదట! షెడ్డులో అందరిదీ అదే మాట. దాంతో ఆదివారాలూ పనికి పోసాగాడు. జ్వరం నిజంగానే మాయమైంది.

"చూశావా, పనే మందు," అని మీసం మెలేశాడు.

మందైతే మరి ఆ దగ్గేమిటి? వీధి మలుపు నుంచి ఈల వేసుకుంటూ వచ్చే మనిషి, మా రెండో అంతస్తు మెట్ల మధ్య ఆగి రొప్పుతున్నాడు. ఆ చప్పుడు వింటూ నేను పొయ్యి దగ్గరా నిలవలేను, తలుపు దగ్గరా నిలవలేను. కాలు కాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి రెక్క పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్లాను.

డాక్టరమ్మ అంతా విని తల పట్టుకుంది.

"ఆ జ్వరం జింకు పూత కాలి వచ్చే పొగ వల్లేనండీ. రోజూ పీలిస్తే ఒళ్లు అలవాటు పడి ఊరుకుంటుంది. సెలవు పెడితే ఆ అలవాటు పోతుంది, మళ్లీ పొగ తగలగానే జ్వరం. రాలేదంటే బాగున్నట్టు కాదు, లోపల ఊపిరితిత్తులు పాడవుతూనే ఉన్నాయి. ఒక నెల పని మానండి. తర్వాత పూత గీకి, మాస్కు పెట్టుకుని చెయ్యండి."

ఆ నెలంతా కిటికీకీ మంచానికీ మధ్య తిరిగి నా ప్రాణం తోడేశాడు. అయితేనేం, దగ్గు తగ్గింది. ఒకరోజు మెట్లన్నీ ఆగకుండా ఎక్కేశాడు. నాకు ఏడుపొచ్చింది.

సోమవారం పనికి బయల్దేరితే మాస్కు నేనే సంచిలో పెట్టాను. సాయంత్రం వచ్చి అన్నం వద్దన్నాడు.

"ఏమయ్యా, మాస్కు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానే. పూత కూడా గీకాను. నీ మీద ఒట్టు."

నుదుటి మీద చెయ్యి వేశాను. పెనంలా కాలిపోతోంది. నెలపాటు సెలవులో ఉన్న ఒళ్లు, అబద్ధమాడటం ఇంకా దానికి అలవాటు కాలేదు.

"మరి పీల్చని పొగకు జ్వరమెలా వచ్చింది?"

తల దించుకున్నాడు. "గీకుతూ కూర్చుంటే పని తెమలట్లేదే. ఆ మాస్కు పెడితే ఊపిరాడట్లేదు."

నా కళ్లలో నీళ్లు చూసి, వణుకుతూనే నన్ను ఊరడించబోయాడు. "ఎందుకే ఏడుపు? రేపటికి తగ్గిపోతుందిలే."

"తగ్గిపోతుందనేగా నా భయం," అన్నాను.