క్షమించని వదిన

కాజాలు కుట్టే ఆమె నోటికి ఆ వీధి వీధంతా భయపడుతుంది. బొత్తాం ఊడిందని వచ్చినవాడు బొత్తాంతో పాటు నాలుగు చీవాట్లు కూడా పట్టుకుపోతాడు. "ఊడేదాకా పొట్ట పెంచమని ఎవరు చెప్పారు నీకు?" అంటుంది. యాభై ఏళ్ళ మనిషి. అందులో ముప్పై ఏళ్ళు ఆ కుట్టు దుకాణంలో, కిటికీ పక్క స్టూలు మీదే గడిచాయి.

అదే గదిలో, ఆరడుగుల దూరాన, కటింగ్ బల్ల దగ్గర ఆమె మరిది నిలబడతాడు. ఇద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. ఆస్పత్రిలో ఆఖరి రోజున ఆమె భర్త "తమ్ముణ్ణి పిలవండి" అని కలవరిస్తుంటే, ఈ మహానుభావుడు పెళ్ళివారి కోట్లు కత్తిరించి తీరిగ్గా వచ్చాడు. అప్పటికి అంతా అయిపోయింది. ఆనాటి నుంచి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే వ్యవహారమే. ఏం చెప్పాలన్నా మధ్యలో మిషన్ కుట్టే ముసలాయనకు చెబుతారు. ఆయన్ని అందరూ బాబాయి అనే పిలుస్తారు.

"కాజాలు వంకరగా ఉన్నాయని చెప్పు బాబాయ్."

"ముందు గుడ్డ తిన్నగా కత్తిరించమను బాబాయ్."

ముగ్గురం ఒకే గదిలో ఉన్నాం కదా అనే ధైర్యం బాబాయికి ఏనాడూ లేకపోయింది.

అలాంటి మరిది ఒక మంగళవారం మధ్యాహ్నం నేరుగా ఆమె స్టూలు దగ్గరకు వచ్చాడు.

"వదినా, అన్నయ్య విషయంలో తప్పు నాదే. నన్ను క్షమించు. ఇక నా మొహం చూసే బాధ నీకు ఉండదులే," అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఎవరినీ ముట్టుకోనివ్వని కొలతల పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టాడు.

"హమ్మయ్య, ఇన్నాళ్ళకి కలిశారు," అని బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమెకు ముందు ఒళ్ళు మండింది. ఆ వెంటనే అనుమానం వచ్చింది. పడని మనిషి కాబట్టి అతని ప్రతి కదలికా ఆమె కనిపెడుతూనే ఉంటుంది. నెల రోజులుగా తెచ్చుకున్న క్యారియర్ విప్పకుండానే ఇంటికి పట్టుకుపోతున్నాడు. వచ్చే వారానికి కావాలని ఎవరైనా గుడ్డ తెస్తే, "ఇంకెక్కడైనా ఇచ్చుకోండి" అని పంపేస్తున్నాడు. నిన్నటిదాకా వేలాడిన మొహం ఇవాళ తేటగా ఉంది. ఆ తేటదనమే ఆమెకు నచ్చలేదు.

సూది పక్కన పెట్టింది.

"చచ్చిపోదామనుకుంటున్నావా?"

బాబాయి మిషన్ టక్కున ఆగింది. "అవేం మాటలు తల్లీ! లేనిపోని ఆలోచన నువ్వే పుట్టించేలా ఉన్నావు."

"అడిగితే పుట్టదు బాబాయ్. ఉంటే బయటికొస్తుంది. నువ్వు కాసేపు నోరు మూసుకో." మళ్ళీ మరిది వైపు తిరిగింది. "నిన్నే. అవునా, కాదా?"

"నీకెందుకు? ఆరేళ్ళు లేని పట్టింపు ఇప్పుడెందుకొచ్చింది?" అని అతను అరిచాడు. గుడ్డముక్కల బుట్టను కాలితో తన్నాడు. ఆమె కదల్లేదు, అరిచినంతసేపూ అరవనిచ్చింది. చివరికి అతను బల్ల అంచు పట్టుకుని కూలబడ్డాడు.

"అవును. ఎందుకో నాకే తెలీదు వదినా. తెల్లారుతోందంటేనే భయంగా ఉంది. నేను లేకపోతే అందరికీ హాయి."

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. దాని సంగతి తర్వాత చూసుకుందామనుకుంది. "ఎవరికి హాయి? నాకా? మరి నా తిట్లు ఎవరు పడతారు?"

"మా ఆవిడకి చెప్పకు."

"చెప్తాను. ఒట్టు వేయించుకున్నా చెప్తాను."

అతని ఎదుటే తోటికోడలికి ఫోన్ చేసింది. ప్రమాదం అనిపించినవన్నీ ఇంట్లోంచి తీసేయమంది, మనిషిని ఒంటరిగా వదలొద్దంది. బాబాయిని దుకాణం మూయమని చెప్పి, మరిదిని బండెక్కించి మానసిక వైద్యుడి దగ్గరకు బయల్దేరింది.

"నాకేమైనా పిచ్చా?" అని అతను గింజుకున్నాడు.

"పిచ్చి నాకు. నాకు తోడు రా."

అక్కడ రెండు గంటలు వరసలో కూర్చున్నారు. ఆమె అతని చొక్కా చెయ్యి వదల్లేదు. "మీరు ఈయనకేమవుతారు?" అని నర్సు అడిగితే, "పడనిదాన్ని," అంది.

మందులు మొదలయ్యాయి. వారానికోసారి డాక్టరుతో మాట్లాడి రావాలన్నారు. ఒక్క రోజులో ఏదీ బాగుపడలేదు. కొన్నిసార్లు రానని మొండికేశాడు, ఆమెను అనరాని మాటలన్నాడు. ఆమె అన్నీ విని, అంతకు రెట్టింపు తిట్టి, బండి పిలిచేది.

రోజూ పొద్దున దుకాణంలో అడుగు పెట్టగానే అతను అడిగేవాడు. "క్షమించావా వదినా?"

"లేదు. రేపడుగు."

మూడో నెలలో ఒక పొద్దున అతనికి చిర్రెత్తింది. "ఇంకెన్నాళ్ళు? నీది గుండెనా, బండనా?"

"క్షమించేస్తే రేపు రావేమోనని భయమయ్యా," అంది. అంటూనే భోరున ఏడ్చింది.

అతను వచ్చి ఆమె స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అయితే క్షమించకు వదినా," అన్నాడు. "రేపొచ్చి మళ్ళీ అడుగుతాను."